అప్పులేని వెల్డరు

మద్దిలపాలెంలో బస్సెక్కి నా పక్కన కూర్చున్నాయన ఆటోనగర్‌లో వెల్డరట. చేతిలో బ్యాంకు కాగితాలు నలిగిపోతున్నాయి.

"ఇరవయ్యేళ్లుగా ఎవుడి దగ్గరా రూపాయి అప్పు సెయ్యనేదు బావా! అది సూసి ఇల్లు కొనడానికి లోను ఇచ్చేత్తారనుకున్నాను. అప్పు తీర్చిన రికార్డు నేదు, లోను కుదరదన్నారు బ్యాంకోళ్లు. ఏటిది, బుద్ధిగా బతకడం తప్పా? శనివారంలోగా డబ్బు కట్టకపోతే బిల్డరు ఫ్లాటు ఇంకోడికిచ్చేత్తాడు."

నాకూ ఒళ్లు మండింది. మూడు లోన్లు మోస్తున్న నాకు జీతం తప్పినా, ఇంకో లోను ఇస్తామనే ఫోను తప్పదు. అప్పుడే ఒకటి మోగింది. స్పీకరు పెట్టి ఆయనకిచ్చాను.

"ఇల్లు కొనడానికి లోను కావాలమ్మా."

"తప్పకుండా సార్! ఇంతకుముందు ఏం లోను తీసుకున్నారు?"

ఆయన ఫోను నా ఒళ్లో పడేసి, కూర్మన్నపాలెంలో దిగిపోయాడు.

ఆ ఫోన్లు ఇప్పటికీ వస్తాయి. "ముందు ఆ వెల్డరుకిచ్చి రండి" అని కసిరి పెట్టేస్తాను.