కుడి మూల బంటు, ఒక గడి

మొన్న ఆదివారం మా అమ్మాయి ఫోనులోంచి తల ఎత్తకుండానే, "డాడీ, వైట్‌తో ఆడేటప్పుడు ఫస్ట్ మూవ్ ఏది బెస్ట్?" అని అడిగింది. వాళ్ళ ఆఫీసులో ఏదో చదరంగం పోటీ పెట్టారట. నేను కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకునేలోపు తను అదే ప్రశ్న ఫోనును అడిగింది. ఫోను రెప్పపాటులో జవాబు చెప్పింది. నా మీద గౌరవం తగ్గినట్టు కనిపించలేదు కానీ, పెరిగిన సూచనలు కూడా లేవు. తనకు తెలియని సంగతి ఏమిటంటే, సరిగ్గా ఇదే ప్రశ్న మీద మా ఇంట్లో ఒకప్పుడు ముగ్గురు మగవాళ్ళం, నన్ను కూడా లెక్కలోకి తీసుకుంటే, రెండు నెలలు కూర్చున్నాం. జవాబు దొరకలేదు. ఒక సంసారం మాత్రం రెండు ఊళ్ళ పాలైంది.

తొంభైల మొదట్లో మాట. నేను నారాయణగూడలో డిగ్రీ చదువుతూ, చిక్కడపల్లిలో మా చిన్నాయన ఇంట్లో ఉండేవాణ్ణి. చదువుతూ అన్న మాట మర్యాద కోసం వాడాను. ఇల్లంటే కిరాయికి తీసుకున్న కింది వాటా: రెండు గదులు, ఒక వంటిల్లు, ఒకరు కూర్చుంటే ఇంకొకరు నిలబడాల్సిన వరండా. పొద్దున్నే సందులో పాల సైకిలు గంట, పక్కింటి కుక్కరు కూత, పైవాటా మాస్టారి దగ్గు ఒకే వరసలో వినిపించేవి; వరస తప్పితే ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. ఆ మాస్టారు కోస్తా వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. లెక్కలు చెప్పి రిటైరయ్యారు కానీ, ఆ విషయం లెక్కలకు తెలియజేయలేదు. సాయంత్రం అశోక్ నగర్ దాకా నడకకు వెళ్ళి, అక్కడ గదులు తీసుకుని గ్రూప్ పరీక్షలకు చదువుకునే వాళ్ళను టీ బండ్ల దగ్గర ఆపి, వాళ్ళు అడగని లెక్కలు చేసిపెట్టి వచ్చేవారు. కొందరు ఆయన్ను చూసి సందు మార్చేవారని విన్నాను.

మా చిన్నాయన ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. దేనికీ ముందుండని మనిషి. బస్సు ఎక్కేవాళ్ళందరినీ ఎక్కనిచ్చి, కండక్టరు రైట్ అన్నాక ఎక్కేవాడు. పెళ్ళి పంక్తిలో పక్కవాడు ముద్ద కలిపితే గాని తను విస్తట్లో చెయ్యి పెట్టేవాడు కాదు. చదరంగంలోనూ అంతే. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు కడిగాక ఆఫీసులో ఆట పడేది. మొదట కదలాల్సిన తెల్లపావులను ఎదుటివాడికి మర్యాదగా అప్పగించి తను నల్లవి తీసుకునేవాడు. "వాళ్ళేదన్న అన్నంక మనం జవాబు చెప్పుడు అల్కగుంటది" అనేవాడు. నల్లపావులతో ఆయన్ను ఓడించినవాడు ఆ ఆఫీసులో లేడు. తెల్లపావులతో ఎలా ఆడేవాడంటే, ఆడితే కదా తెలిసేది. ఆయనకు ఇంకో అలవాటుండేది. ఏ పని మొదలుపెట్టినా, చేతికి మొదట అందిన వస్తువును కళ్ళకద్దుకునేవాడు. బస్సు టికెట్టు, కొత్త రీఫిల్లు, ఉగాదికి వచ్చిన క్యాలెండరు, ఏదైనా సరే ఆయన కళ్ళను తాకాకే వాడకంలోకి వచ్చేది. మా ఇంటిల్లిపాదికీ కాస్తో కూస్తో ఉన్న అలవాటే కనక, దాన్ని మేమెవరమూ పట్టించుకోలేదు. ఊపిరి తీసుకోవడాన్ని ఎవరు పట్టించుకుంటారు?

ఆ ఏడు ఆ ఆఫీసులో బదిలీల గాలి వీచింది. అక్కడ ఒక రివాజు ఉండేది: ఆఫీసు తరఫున ఆటలాడే జట్లలో ఉన్నవాళ్ళను ఊరు దాటించరు. ఎక్కడో ఆదిలాబాద్‌లో ఉన్నవాడు ప్రతి పోటీకీ వచ్చిపోవాలంటే ఎవరికి తీరుతుంది? చదరంగం జట్టులో ఒక్క చోటు ఖాళీ అయింది. ఆదిలాబాద్ జాబితాలో ఇద్దరి పేర్లున్నాయి, ఒకటి చిన్నాయనది, రెండోది వేరే సెక్షన్‌లో పనిచేసే ఒక బక్కపలచని ఆయనది. ఇద్దరికీ చదరంగం వచ్చు. కాబట్టి ఇద్దరికీ ఒక్క ఆట పెడతారు, గెలిచినవాడు హైదరాబాద్‌లో ఉంటాడు, ఓడినవాడు రైలెక్కుతాడు. ఇది ఎక్కడా రాసి లేదు కానీ, రాసి ఉన్న వాటికన్నా గట్టిగా అమలయ్యేది. మామూలుగా అయితే చిన్నాయన ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయేవాడే. కానీ మా చిన్నమ్మకు ఎనిమిదేళ్ళు తిరగ్గా తిరగ్గా నారాయణగూడ బడిలో టీచరు ఉద్యోగం దొరికింది. ఇంకొంత కాలం మానకుండా చేస్తే పర్మనెంటు. ఆయన వెంట వెళితే అది పోతుంది, వెళ్ళకపోతే వీళ్ళు విడివిడిగా ఉండాలి. చిన్నమ్మ రోజూ బడి నుంచి వచ్చి చీర కొంగుకు అంటిన సుద్దపొడి దులుపుకునేది, అంతే. ఆ దులపడం చూస్తే నాకు కాస్త భయంగా ఉండేది.

ఇక్కడ ఇంకో చిక్కు వచ్చి పడింది. ఎవరికి ఏ పావులన్నది ఇతర చోట్ల చీటీ తీసి తేలుస్తారు. సర్కారు ఆఫీసులో సీనియారిటీ తేలుస్తుంది. సర్వీసులో పెద్దవాడికి తెల్లపావులు ఇవ్వడం గౌరవమని పైవాళ్ళు అనుకున్నారు. ఆ బక్కాయనకన్నా చిన్నాయన కొద్ది నెలలు సీనియరు. నాకు నల్లవే ఇవ్వండి సార్ అని ఈయన సూపరింటెండెంటును బతిమాలుకున్నాడట. "ఇగో సార్, ఇయ్యాల బంట్ల కాడ సీనియారిటీ వద్దంటరు, రేపు ప్రమోషన్ కాడ గూడ వద్దన్నట్టే రాస్కుంటరు, ఆలోచించుకోండ్రి" అన్నాడాయన. చిన్నాయన ఆలోచించుకుని ఇంటికి వచ్చాడు.

అలా మొదలైంది మా పరిశోధన. ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో వెతికి, అట్టలేని ఇంగ్లీషు చదరంగం పుస్తకం తెచ్చాను. ఇంట్లో ఇంగ్లీషు పుస్తకం చదవగలవాణ్ణి నేనే అన్న పేరు ఉండేది, దాన్ని నేను ఖండించలేదు. ముందు సగమంతా మొదటి ఎత్తుల గురించే. రాజు ముందున్న బంటును రెండు గడులు తొయ్యాలని చిన్నాయనకు మనసులో ఉండేది. మాస్టారు ఒప్పుకోలేదు. "అలా కాదండీ. రాజు ముందరి తలుపు మనమే తీసి, రండి రండి అంటామా? మంత్రి ముందరి బంటు తొయ్యాలి. మంత్రి మేలుకుంటేనే గదా రాజ్యం మేలుకునేది" అనేవారు. చిన్నాయన తల ఊపేవాడు. కాసేపటికి నేను, ఎడమ శకటు దారి తీస్తే ఎలా ఉంటుందని ఒక పేజీ చూపించేవాణ్ణి. దానికీ తల ఊపేవాడు. ఆయన తల ఊపని ఎత్తు ఆ పుస్తకంలో లేదు. వారం తిరిగేసరికి ప్రతి ఎత్తుకూ అవతలివాడు ఏం జవాబిస్తాడో, ఆ జవాబుకు మనం ఎలా చస్తామో స్పష్టంగా తెలిసిపోయింది. జ్ఞానం పెరిగేకొద్దీ చిన్నాయనకు అన్నం సహించడం తగ్గింది. రోజూ సాయంత్రం వరండాలో బల్ల పరిచేవాడు, కుడిచేతికి మొదట అందే మూల బంటును ఎత్తి కళ్ళకద్దుకునేవాడు, మళ్ళీ అక్కడే పెట్టేవాడు, ఇక అక్కడి నుంచి గడ్డం కింద చెయ్యి. చిన్నమ్మ ఒకసారి కూరగాయల సంచితో లోపలికి పోతూ ఆగి, "ఏందిది, నిన్న జూసినప్పుడు గూడ గిట్లనే ఉండె గద. ఆట మొదలువెట్టిన్రా, బొమ్మల కొలువు పెట్టిన్రా?" అంది. మాస్టారు గొంతు సవరించుకుని, పునాది విషయంలో తొందర పనికిరాదమ్మా అన్నారు. "పునాదికే రెండు నెలలైతే గోడలు మా మనుమలు కడ్తరు సార్" అని లోపలికి వెళ్ళింది.

ఆట రోజు పొద్దున చిన్నమ్మే తేల్చింది. నా చేత మూడు చీటీలు రాయించి దేవుడి పటం ముందు వేసి ఒకటి తీసింది. మంత్రి బంటు వచ్చింది. మాస్టారు సంతోషాన్ని దాచుకోవడానికి చాలాసేపు దగ్గారు. చిన్నాయన మొహంలో రెండు నెలల తర్వాత నెత్తురు కనిపించింది. ఎవరో తన బదులు మొదట మాట్లాడినట్టు ఉండి ఉంటుంది.

ఆట బషీర్‌బాగ్‌లో ఒక హాల్లో పెట్టారు. చిన్నమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. నేనూ మాస్టారూ వెళ్ళి తాడు అవతల నిలబడ్డాం. చూసేవాళ్ళు నోరు మెదపకూడదు, సైగ చెయ్యకూడదు. ఒక్కొక్కరికి గంట సమయం. జంట గడియారం బల్ల పక్కన పెట్టారు, ఎవరి వంతైతే వాళ్ళ వైపే నడుస్తుంది, గంట నిండితే ఆ వైపు చిన్న ఎర్ర జెండా కింద పడుతుంది, పడితే ఓటమే. అంపైరు చిన్నాయన వైపు గడియారం నొక్కాడు. చిన్నాయన కళ్ళు మూసుకున్నాడు. కుడిచెయ్యి చాచాడు. మూల బంటును ఎత్తి, రెండు కళ్ళకూ అద్దుకుని, తిరిగి దాని గడిలోనే పెట్టి, మంత్రి బంటు వైపు చెయ్యి జరిపాడు.

"ముట్టిన పావే నడపాలె సార్" అన్నాడు అంపైరు.

"దండం వెట్టుకున్న సార్, అంతే."

"దండం ఎన్నన్న వెట్టుకోవచ్చు సార్. ఎత్తొద్దు."

బక్కాయన పాపం తల దించుకున్నాడు. ఆయన కూడా రెండు నెలలు చదువుకుని వచ్చినట్టున్నాడు, ఆయన పుస్తకంలో కూడా ఈ బంటు లేనట్టుంది. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. ముట్టిన పావే ఆడాలన్న నియమం నాకు తెలియక కాదు. కాలేజీ క్యాంటీన్లో ఆ మాట చెప్పి ఎంతమంది మంత్రుల్ని చంపించానో లెక్కలేదు. ఆ నియమాన్నీ, మా వరండాలో రోజూ కళ్ళకద్దుకునే ఆ బంటునూ ఒకచోట పెట్టి చూడాలని రెండు నెలల్లో ఒక్కసారి కూడా తోచలేదు. అది క్యాంటీను, ఇది ఇల్లు.

మూల బంటును ఒక గడి జరపాలా, రెండు గడులా? చిన్నాయన తల తిప్పి నా వైపు చూశాడు. ఒక వేలు చూపితే చాలు, లేదా రెండు. చూపితే ఆట పోతుంది. చేతులు రెండూ ప్యాంటు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను. జేబుల్లో వేళ్ళు ముడుచుకుని ఉన్నాయో చాచుకుని ఉన్నాయో నాకే తెలియదు. పక్కన మాస్టారు గాలిలో కలిసిపోయేంత మెల్లగా, "ఈ పాఠం మనం చదవలేదు నాయనా" అన్నారు. చిన్నాయన గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు. పావుగంట గడిచింది. అరగంట. చివరికి, ఎవరికీ అడ్డం లేకుండా పక్కకు జరిగినట్టు, ఆ బంటును ఒక గడి జరిపాడు.

తర్వాత జరిగింది నేను ఇప్పటికీ ఎవరికైనా చెబితే నమ్మరు. ఆ ఎత్తు ఎత్తే కాదు, నువ్వే మొదలుపెట్టవయ్యా అని చెప్పడం. బక్కాయన మొదలుపెట్టాడు. చిన్నాయనకు ప్రాణం లేచి వచ్చింది. ఇంకేం, మధ్యాహ్నం టిఫిన్ డబ్బాల తర్వాతి ఆటే ఇది, పావుల రంగు ఒక్కటే తేడా. మాట్లాడేవాణ్ణి మాట్లాడనిచ్చి జవాబు చెబుతూ పోయాడు. అవతలివాడి గుర్రం తీశాడు, ఒక ఏనుగు తీశాడు. బక్కాయన రాజు మూలకు చేరాడు. ఇంకొక్క ఎత్తు, ఏనుగు కిందికి దిగితే ఆట కట్టు. అది తాడు అవతల ఉన్న నాకూ తెలుసు. చిన్నాయన చెయ్యి చాచాడు. ఏనుగు తల మీద వేళ్ళు ఆనాయి. ఆయన వైపు ఎర్ర జెండా పడింది. చప్పుడు కూడా కాలేదు.

ముగ్గురం నారాయణగూడ మీదుగా నడిచే వచ్చాం. చౌరస్తా దగ్గర ఇరానీ హోటల్లో కూర్చుని మూడు చాయ్‌లు చెప్పాం. చిన్నాయన గ్లాసును కళ్ళకద్దుకోలేదు. అది చూసి మాస్టారు తన చాయ్ తాగకుండా లేచిపోయారు. ఇంటికొచ్చాక చిన్నమ్మ మా ఇద్దరి మొహాలూ చూసి చేతిలో పని ఆపింది. నేనే జరిగింది చెప్పాను. నాకు తెలిసిన నియమం సంగతి చెప్పలేదు. "దేవునికి మొక్కినా తప్పేనా?" అంది, ఎవరినీ అడగనట్టుగా. తర్వాత పటం ముందు చీటీలు తీసి పొయ్యి పక్కన పెట్టి, "కాళ్ళు కడుక్కోండ్రి, అన్నం చల్లారుతది" అంది.

చిన్నాయన ఆదిలాబాద్ వెళ్ళాడు. చిన్నమ్మ ఇక్కడే ఉండిపోయింది. నాలుగేళ్ళు ఆయన రెండో శనివారాలు సంచీతో వచ్చి, ఆదివారం సాయంత్రం అదే సంచీతో వెళ్ళేవాడు. వెళ్ళిన నెలకు నా పేరున ఒక పోస్టుకార్డు వచ్చింది. "ఇక్కడ క్షేమం. చలి ఎక్కువ. మీ చిన్నమ్మకు అక్కడ ఉన్ని శాలువా కొనిపించు. కుడి మూల బంటు, ఒక గడి. నీ ఎత్తు రాయి." రాశాను. ఒక్కో ఆట ఏడాదికి దగ్గర పడేది. ఆట మొదలైన ప్రతిసారీ ఆయన మొదటి ఎత్తు అదే. గుర్రం ఎత్తుతో చివరి కార్డు వచ్చిన వారానికే ఆయన తిరుగు బదిలీ మీద వచ్చేశాడు. మనిషే వచ్చాక కార్డెందుకు, రేపు నోటితోనే చెబుదాం అనుకున్నాను.

ఈ కథంతా విన్నాక మా అమ్మాయి రాంనగర్‌లో ఉంటున్న చిన్నాయనకు ఫోను చేసింది. ఇప్పుడాయనకు చెవులు సరిగా వినపడవు, కాబట్టి ఆయన మాట సందు చివరిదాకా వినిపిస్తుంది. "మొదటి ఎత్తు సంగతి ఆ ఫోన్లనే చూస్కో బిడ్డా, గది నాకు ఎన్నడు తెలువలే" అన్నాడు. "జర మీ నాయిననడుగు. నా గుర్రం వచ్చి నిలవడ్డది. జవాబెప్పుడు రాస్తడట?"

పోస్టుకార్డు ఆటకు గడియారం ఉండదని ఇన్నేళ్ళూ ధీమాగా ఉన్నాను. ఉంటుంది. మన వైపు నొక్కి ఉన్న సంగతి మనకు వినపడదు, అంతే.