టాంకీ ఫైల్లో పెన్సిల్ రాత

ప్రభుత్వం నిర్ణయాలు ఎలా తీసుకుంటుందో తెలుసుకోవడానికి పెద్ద పెద్ద చదువులు చదువుతారట. నన్నడిగితే ఒక రబ్బరు ముక్క చూపిస్తాను. ఇరవై ఏళ్ళకు పైగా ఒక ఇంజినీరింగు ఆఫీసులో ఫైళ్ళు నడిపినదాన్ని, ఊరికే అనడం లేదు.

మా ఆఫీసు రెజిమెంటల్ బజారు దగ్గర ఒక పాత మేడలో ఉండేది. మాది విజయనగరం వైపు. పెళ్ళయ్యాక మెట్టుగూడలో కాపురం, ఇక్కడ ఉద్యోగం. సందు సందుకీ కంప్యూటరు నేర్పుతామని బోర్డులు లేస్తున్న రోజులవి. మా ఆఫీసుకూ ఒక కంప్యూటరొచ్చింది. దానికో గది, గదికో ఏసీ, చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. మనుషులం మేం చెమటలు కక్కుతుంటే అది చల్లగా కూర్చునేది. నాకు టైపు వచ్చు కదా అని దాన్ని నాకు అంటగట్టారు.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. కింది ఇంజినీర్లు తమ అభిప్రాయాన్ని నోట్ షీటు మీద పెన్సిల్‌తో రాసేవాళ్ళు. పెద్దసారు ఒప్పుకుంటే దాన్నే పెన్నుతో ఖాయం చేసి సంతకం పెట్టించేవారు. ఒప్పుకోకపోతే పక్కన చిన్నగా 'డిస్కస్' అని గీసి వెనక్కి పంపేవారు. దానర్థం ఎవరితోనో చర్చించమని కాదు. రాసింది చెరిపేసి, సారుకు నచ్చేలా మళ్ళీ రాసుకురమ్మని. ఆ చెరిపే పని నాది. కొత్తలో నవ్వొచ్చేది, తర్వాత అలవాటైపోయింది.

ఆ ఏడు ఎండాకాలంలో పైనుంచి ఒక ఫారం దిగింది. పాత నీళ్ళ టాంకీలన్నీ చూసి, ఒక్కోదాని ప్రమాదం ఎంతో మూడు గడుల్లో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి: అత్యవసరం, మధ్యస్థం, సాధారణం. కంప్యూటర్లోకి ఎక్కిస్తే పైవాళ్ళు ఒక్క చూపులో చూసి నిర్ణయం చేసేస్తారట. వినడానికి ఎంత బావుందో! కానీ ఫారం వెనక ఒక షరతు ఉంది. 'అత్యవసరం' అన్న టాంకీకి ఆ రోజు నుంచే నీళ్ళెక్కించడం ఆపాలి, బస్తీకి ట్యాంకర్లు పంపాలి, ఇన్నాళ్ళూ ఏం చేశారో సంజాయిషీ రాయాలి. 'మధ్యస్థం' అంటే ఇవేవీ అక్కర్లేదు, నిధులొచ్చినప్పుడు చూస్తారు. ఇంకేం, వారం తిరక్కుండా మా టాంకీలన్నీ మధ్యస్థం అయి కూర్చున్నాయి.

బోయిగూడ టాంకీ ఫైలు ఒక్కటి మిగిలింది. దాన్ని నా బల్ల మీద పెట్టింది మా అటెండరు. యాభై దాటిన మనిషి, బోయిగూడలోనే పుట్టి పెరిగాడు. చదువు రాదు, కానీ అట్ట మీద మరకను బట్టి ఏ ఫైలు ఏదో చెప్పగలడు.

"మేడం, గిది మా బస్తీ టాంకీదంట. మన సిన్న ఇంజినీరు సారు పెన్సిల్‌తోని మస్తు రాసిండు. జెర జల్ది చూడున్రి," అన్నాడు.

ఆ టాంకీ కిందే అతని భార్య ఇస్త్రీ బల్ల. టాంకీ కాళ్ళ మధ్య రోజంతా నీడ ఉంటుందని అక్కడే పెట్టుకుంది. నా నేత చీరలన్నీ ఆమే గంజి పెట్టి ఇస్త్రీ చేసేది. మడత విప్పితే చీర ఫెళఫెళలాడాల్సిందే.

ఫైలు తెరిచి చదివాను. 'రెండు కాళ్ళలో సిమెంటు రాలి ఇనుప చువ్వలు బయటపడ్డాయి. నీళ్ళు వెంటనే ఆపాలి. కింద ఉన్నవాళ్ళను ఖాళీ చేయించాలి. అత్యవసరం.' పక్కన పెద్దసారు చేతిరాతలో 'డిస్కస్'.

ఫైలు పట్టుకుని సారు గదిలోకి వెళ్ళాను. ఎప్పుడూ వెళ్ళనిదాన్ని, ఆ రోజు వెళ్ళాను.

"సార్, ఇది చెరిపేయమంటారా?"

"చూడమ్మా, అత్యవసరం అంటే రేపటి నుంచి నీళ్ళు ఆపాలి. ట్యాంకర్లు ఎవరిస్తారు? డబ్బంతా కొత్త ఆఫీసుల వైపు రోడ్లకి పోతోంది. బస్తీకి బస్తీ మన గేటు ముందు కూర్చుంటుంది. అరవై ఏళ్ళు నిలబడింది, ఇంకో ఏడాది నిలబడదా?"

"నిలబడకపోతే, సార్?"

ఆయన నా వైపు చూడలేదు. "నువ్వు టైపు చెయ్యమ్మా. ఆలోచించడానికి మేమున్నాం కదా," అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. ఆయన చెడ్డవాడు కాదు, మా అబ్బాయి జ్వరంతో పడుంటే సెలవు అడక్కుండానే ఇచ్చిన మనిషి. అదే నాకు ఇప్పటికీ అంతు పట్టదు. నా సీటుకొచ్చి రబ్బరు తీశాను. మూడు వాక్యాలు, ఆ చివరి మాట, మొత్తం చెరిపాను. రబ్బరు పొడి ఊదేశాను. మర్నాడు ఆ కుర్ర ఇంజినీరు ముఖం మాడ్చుకుని వచ్చి 'మధ్యస్థం, నిధులను బట్టి మరమ్మతు చేయవచ్చు' అని రాసి వెళ్ళాడు. చెప్పులు విడిచి కంప్యూటరు గదిలోకి వెళ్ళి ఆ ముక్క ఎక్కించాను. నెల తిరక్కుండా ఆ అబ్బాయికి వేరే జిల్లాకు బదిలీ అయింది.

ఆ ముక్క ఎక్కించిన వారమే, శనివారం నాడు చీరలు తెచ్చుకోవడానికి బోయిగూడ వెళ్ళాను. టాంకీ కాళ్ళ వంక చూడకూడదనుకుంటూనే చూశాను. చువ్వలు తుప్పు పట్టి ఎర్రగా కనిపిస్తున్నాయి. కిందంతా సిమెంటు పెచ్చులు. ఆమె వాటిని రోజూ పొద్దున్నే చీపురుతో ఊడ్చేసి బల్ల వేసుకుంటుందట.

"ఇక్కడెందుకు, అటు గోడ పక్కన పెట్టుకోవచ్చు కదా," అన్నాను.

"ఆడ ఎండ కొడ్తది మేడం. బొగ్గుల పెట్టె యేడి, మీదికెల్లి ఎండ, నేనే ఇస్త్రీ అయిపోత," అని పకపకా నవ్వింది. తర్వాత నా మొహంలోకి చూసి నవ్వు ఆపేసింది. "ఎందుకు మేడం? ఆఫీసుల ఏమన్న అనుకుంటున్రా టాంకీ గురించి?"

ఆఫీసు సంగతి బయట చెప్పకూడదు, ఉద్యోగం ఊడుతుంది. చెబితే బస్తీ అంతా సాయంత్రానికల్లా మా గేటు ముందుంటుంది. చెప్పిందెవరని అడిగితే నా పేరే వస్తుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో బుర్రలో తిరిగాయి.

"అబ్బే, ఏం లేదు," అన్నాను.

"నీళ్ళు సుత మంచిగనే వస్తున్నయ్," అంటూ నా చీరలు పాత పేపర్లో చుట్టి ఇచ్చింది.

వానలు షురూ అయ్యాయి. రోజూ ఆఫీసుకు వస్తూనే అటెండరు కాఫీ కప్పు బల్ల మీద పెట్టేవరకు నా ప్రాణం కుదుటపడేది కాదు. అతను వచ్చాడంటే టాంకీ నిలబడే ఉందని లెక్క. ఒక బుధవారం పొద్దున పది గంటలకు కప్పు పెట్టి అటు తిరిగాడో లేదో ఫోను మోగింది. బోయిగూడ టాంకీకి నీళ్ళు నిండుగా ఎక్కించాక రెండు కాళ్ళు ఒకేసారి కూలాయి. అటెండరు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. ఆ టైంలో పిల్లలు బడికి పోయారు, మగవాళ్ళు పనికి పోయారు, కింద ఆమె ఒక్కతే ఉంది.

దినాలు అయ్యాక అతను మళ్ళీ పనిలోకొచ్చాడు. అప్పటికి విచారణ జరుగుతోంది. పైనుంచి ఇద్దరు అధికారులొచ్చి ఫైలంతా తిరగేశారు. క్షేత్రం నుంచి ముందుగా హెచ్చరిక ఏమైనా వచ్చిందా అని నన్ను అడిగారు. పెద్దసారు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. నాకు ఇంకా పదకొండేళ్ళ సర్వీసుంది, ఇద్దరు పిల్లలున్నారు.

"ఫైల్లో ఉన్నదే సార్," అన్నాను.

నివేదిక టైపు చేసే పనీ నాకే పడింది. ఆ మధ్యాహ్నం కంప్యూటరు గది గుమ్మం దగ్గర అటెండరు నిలబడ్డాడు. చెప్పులు విడిచి, టీ కప్పుతో లోపలికొచ్చాడు.

"మేడం, మా ఇంటామె గురించి ఏం రాసిన్రు? జెర సదివి చెప్పున్రి."

కాదనలేకపోయాను. తెర మీదున్న వాక్యం చదివాను. "ఈ ప్రమాదానికి సంబంధించి క్షేత్రస్థాయి నుంచి ఎలాంటి హెచ్చరికా అందలేదు."

"గంతేనా?"

"అంతే."

అతను తెర వైపు వేలు చూపించాడు. "నేనే తెచ్చిన గద మేడం ఆ ఫైలు. కాయితం నిండ పెన్సిల్ రాత ఉండె. నాకు సదువు రాదు గని, రాత ఉన్నదో లేదో కండ్లకు కనవడ్తది."

నా చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి. ఆ పక్కనే సొరుగులో రబ్బరు ఉంది.

"నాకు గుర్తులేదయ్యా," అన్నాను.

అతను తలూపాడు. టీ చల్లారిపోతది తాగున్రి మేడం అని కప్పు నా ముందు పెట్టి, బయట చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. నేను ఆ పేజీ ప్రింటు తీసి, సంతకానికి సారు గదిలోకి పంపాను.