ఊపిరక్క నోరు

ఆవిడ అసలు పేరు ఆసుపత్రిలో ఎవరికీ గుర్తులేదు. సీటీ స్కాన్ గదిలో ఏళ్ల తరబడి "ఊపిరి పీల్చు, బిగబట్టు, ఇక వదిలెయ్" అని అరుస్తూ ఉంటుంది కాబట్టి ఊపిరక్క అయిపోయింది.

కొత్త మిషన్ వచ్చినప్పుడు అందరికన్నా ముందు మురిసిపోయింది ఆవిడే. రేడియేషన్ తక్కువట, కన్నుమూసి తెరిచేలోగా కొట్టుకునే గుండెని కూడా బొమ్మ తీసేస్తుందట, మున్ముందు మచ్చ ఎక్కడుందో కంప్యూటరే వేలుపెట్టి చూపిస్తుందట. "ఎంత పనిమంతురాలివే!" అని దాని నడుం కూడా తట్టింది.

పేచీ అంతా దాని గొంతుతోనే. ఊపిరి బిగబట్టమని ఇక అదే చెబుతుంది, రికార్డు చేసిన ఆడగొంతుతో. వింటే చెవుల్లో పాకం పోసినట్టుంటుంది.

"ఇక నువ్వు నోరు నొప్పి చేసుకోనక్కర్లేదు. ఆ గొంతు స్విచ్ కట్టేశావంటే మాత్రం ఎక్స్‌రే గదికి పంపేస్తా" అన్నాడు స్కానింగ్ విభాగం ఇన్‌ఛార్జి.

ఆ మర్నాడే ఒక ముసలాయన వచ్చాడు. దగ్గు తగ్గట్లేదని ఛాతీ స్కాన్ రాశారు. బల్ల మీద పడుకోబెట్టి, చేతులు తలపైకి పెట్టించి, ఊపిరక్క అద్దాల గోడ వెనక్కొచ్చి కూర్చుంది. మిషన్ తియ్యగా "ఊపిరి బిగబట్టండి" అంది. ముసలాయన మర్యాదస్తుడు. ఆడమనిషి అంత మన్ననగా అడిగితే పలక్కుండా ఉంటాడా?

"అలాగేనమ్మా, బిగబట్టాను తల్లీ!"

ఉన్న ఊపిరంతా ఆ జవాబుకే సరిపోయింది. తెర మీద ఊపిరితిత్తులు మంచుపట్టిన కిటికీలా మసకమసగ్గా వచ్చాయి.

"మళ్లీ తియ్యి, అదే గొంతుతో" అన్నాడు పక్కనే నిలబడి తెర చూస్తున్న ఇన్‌ఛార్జి. "అలవాటవుతుందిలే."

"ఆయనకి అలవాటయ్యేదాకా ఒంట్లోకి రేడియేషన్ పంపుతూ కూర్చుంటామా? ఇంకొక్కసారే తీస్తా. నా గొంతుతోనే తీస్తా."

"ఎక్స్‌రే గది గుర్తుందిగా?"

"భేషుగ్గా ఉంది."

టక్కున స్విచ్ కట్టేసి లోపలికెళ్లింది. "బాబాయ్, ఇప్పుడు నాకు జవాబు చెప్పావో, నీకూ నాకూ చెడుతుంది. నోరూ ముక్కూ రెండూ మూసెయ్. ఏదీ, ఒకసారి నాతోపాటు పట్టు." ఇద్దరూ బుగ్గలు పొంగించి బిగబట్టారు.

"మా ఆవిడ వల్ల కూడా కాలేదమ్మా నా నోరు మూయించడం" అని నవ్వాడాయన.

వెనక్కొచ్చి మైకులో "బిగబట్టు!" అని అరిచింది. తనూ బిగబట్టింది. ఈసారి బొమ్మ కడిగిన అద్దంలా వచ్చింది, డాక్టరు చూడాల్సిన చిన్న మచ్చతో సహా.

ఇన్‌ఛార్జి బొమ్మ వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. "బొమ్మ బాగానే ఉంది. నా మాట మాత్రం మాటే. రేపట్నుంచి ఎక్స్‌రే గది."

"వెళ్తాలెండి" అంది ఊపిరక్క, కోటు గుండీలు పెట్టుకుంటూ. "ఛాతీ ఎక్స్‌రేకీ ఊపిరి బిగబట్టించాలిగా. అక్కడ కట్టెయ్యడానికి నా నోరొక్కటే ఉంది. అది మీ వల్ల కాదు."