కంట్రోల్ లేని స్లైడు

క్యాన్సర్ ఆసుపత్రి ల్యాబులో ఆమెను అందరూ మిరపకాయ అంటారు. ఎదురుగా కాదు లెండి, అంత ధైర్యం ఎవరికుంది? ఆమె ఒళ్ళు మండేది ఒకే విషయానికి: కంట్రోల్ పెట్టకుండా స్లైడు చేస్తే.

కొన్ని క్యాన్సర్ కణాలు మహా టక్కరివి. ఒంటినిండా పంపులు మొలిపించుకుని, లోపలికి వెళ్ళిన మందును వెళ్ళినట్టే బయటికి తోసేస్తాయి. ఒక్క మందును కాదు, రకరకాల మందులను. ఆ ఒక్క పంపునే వెతికి అతుక్కునేలా ల్యాబుల్లో తయారుచేసిన ప్రోటీనే మోనోక్లోనల్ యాంటీబాడీ. అది అతుక్కున్న చోట గోధుమరంగు తేలుతుంది. పంపు లేకపోతే తేలదు. అయితే యాంటీబాడీ పాడైపోయినా తేలదు కదా! అందుకే రోగి గడ్డ ముక్క అంటించిన గాజు స్లైడు పక్కన, పంపు తప్పకుండా ఉండే కిడ్నీ ముక్కతో ఇంకో స్లైడు పెట్టాలి. అదే కంట్రోల్. "ఉప్పు చూడకుండా కూర వడ్డిస్తారా?" అని ఆమె అందరినీ దులిపేసేది.

అలాంటి మనిషి, సొంత చెల్లెలి గడ్డ ముక్క వచ్చిన రోజు కంట్రోల్ పెట్టలేదు. కిడ్నీ ముక్కలు అయిపోయాయి, కొత్తవి కోయడానికి మర్నాటిదాకా ఆగాలి. ఆగలేకపోయింది. స్లైడు మీద గోధుమరంగు చుక్కైనా కనపడకపోయేసరికి, పంపు లేదని రాసిచ్చి, చెల్లెలికి ఫోన్ చేసి సంతోషంతో ఏడ్చింది.

పంపు లేదన్నారు కదాని ఎప్పుడూ ఇచ్చే మందే ఎక్కించారు. చెల్లెలికి జుట్టు ఊడింది, నోరంతా పుండ్లు పడ్డాయి, గడ్డ మాత్రం పెరిగింది. మందు నకిలీదంది మిరపకాయ, నర్సు మీద ఎగిరింది, చెల్లెలికి వైద్యం చేసే డాక్టరమ్మ మీద మండిపడింది. డాక్టరమ్మ అంతా విని, "ఆ స్లైడు మళ్ళీ చెయ్యమ్మా" అంది.

ఈసారి కంట్రోల్ పెట్టింది. కిడ్నీ ముక్క మీద కూడా రంగు తేలలేదు. మామూలు ఫ్రిజ్‌లో ఉండాల్సిన యాంటీబాడీ సీసాను ఎవరో ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించారు, అది ఎప్పుడో చచ్చింది. కొత్త సీసాతో చేస్తే చెల్లెలి కణాలన్నీ గోధుమరంగే.

"ఎవరు పెట్టారు ఫ్రీజర్‌లో?" అని ల్యాబు దద్దరిల్లేలా అరిచింది. కంట్రోల్ పెట్టి ఉంటే ఆ సంగతి ఆ రోజే బయటపడేది. ఎవరిని తిట్టినా ఆ తిట్టు తిరిగి ఆమెకే తగిలింది.

వార్డుకు వెళ్ళి ఏదీ దాచకుండా చెప్పేసింది. చెల్లెలు గోడవైపు తిరిగి పడుకుంది.

"ఇంట్లో నేనేం వండినా ఉప్పు చూశావా అని ప్రాణం తీసేదానివి. నా దగ్గరికొచ్చేసరికి నీకు చూడబుద్ధి కాలేదా అక్కా?"

"భయమేసిందే."

"నాకెయ్యలేదా?"

అక్క తల దించుకుంది. "పంపు తోసెయ్యలేని మందు ఇంకొకటుందట. రేపు మొదలుపెడతారు. ఆ పంపునే మూసేసే యాంటీబాడీలున్నాయి గానీ, అవింకా పరిశోధనలోనే ఉన్నాయి."

"సరే, ఎక్కించమను. నువ్వు మాత్రం రాకు. కోపం తగ్గితే నేనే ఫోన్ చేస్తా."

మర్నాడు ల్యాబులో పక్క బల్ల మీద ఒకాయన రోగి స్లైడు ఒక్కటే పెట్టుకుని కూర్చున్నాడు. మిరపకాయ ఆగి చూసింది. ఆయన మెడ లోపలికి లాక్కున్నాడు.

"కంట్రోల్ పెట్టండి," అంది మెల్లగా. ఉప్పు మాట నోటికి రాలేదు.