సలూద్ విన్నదీ విననిదీ

ఆ రోజు శవపేటిక పక్కన నిలబడ్డ సలూద్‌కు పొన్సో మామ మాటలు వినబడ్డాయా, లేదా? ఇన్నేళ్లయినా నాకు తెలియదు. నేను అదే గదిలో, గోడవారన, కాఫీ గిన్నె దగ్గర ఉన్నాను. అంత దూరానికి నాకు మాట వినబడలేదు గానీ ఆవిడ ముఖం కనబడుతూనే ఉంది. ముఖం చూసి మనిషి లోపలిది చెప్పవచ్చని నమ్మే వయసు నాకు అప్పటికే దాటిపోయింది.

సలూద్ అబన్యో మా సాన్ లుసియానో ఊళ్లో పారాలీగల్. వకీలు కాదు, వకీలు దగ్గర గుమాస్తా కూడా కాదు. రైతు పక్కన కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పించుకుంటుంది. దాన్ని ప్రమాణపత్రంగా రాస్తుంది. భూసంస్కరణ కార్యాలయంలో పిలుపు వచ్చేదాకా రైతుతో పాటు బల్ల మీద కూర్చుంటుంది. అక్కడి విచారణలో రైతు తరఫున లేచి మాట్లాడే హక్కు ఆవిడకు ఉంది. నేరాలు విచారించే కోర్టులో లేదు. అక్కడ వకీలు ముందు నిలబడతాడు, ఈవిడ వెనక బల్ల మీద కూర్చుంటుంది.

అంతకుముందు మునిసిపల్ ఆఫీసు పక్కన రేకుల పంచలో ఒక నోటరీ దగ్గర టైపు కొట్టేది. కాలేజీ రెండో ఏడాదిలో ఆగిపోయిన చదువు. ఒకనాడు ఒక కౌలు రైతు వేలిముద్ర వేయబోతుంటే, తాను కొట్టిన కాగితం అతనికి చదివి వినిపించింది. కౌలు హక్కు తన ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నానని అందులో ఉంది. ఆ మనిషి వేలికి అంటిన సిరా లాగుకు తుడుచుకుని లేచి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి రావద్దని నోటరీ చెప్పాడు. ఆ తరువాత రైతుల సంఘంవాళ్లు ఆవిడను లుసేనా పట్నానికి శిక్షణకు పంపారు. తిరిగి వచ్చి నా ఇంటి ముందుగది అద్దెకు తీసుకుంది.

శనివారాలు ఆ గది నిండేది. నేను లోపలి గదిలో పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని గానీ పేజీ తిరిగేది కాదు.

"పోలీసులొచ్చి ఇక్కడ సంతకం పెట్టమన్నారనుకోండి. ఏం చేస్తారు?"

"కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాం బాబూ అంటాం!" అని వెనకనుంచి ఒకడు.

"నీకు కళ్లజోడెప్పుడుందిరా? నీ పెళ్లాం మొహమే సరిగ్గా చూళ్లేదు, అందుకే చేసుకున్నావు" అని మరొకడు.

నవ్వులు తగ్గేదాకా ఆగి సలూద్ అనేది: "అబద్ధం దేనికి? చదివి వినిపించమనండి. మొత్తం వినండి. వాళ్లకి వకీళ్లున్నారు, తుపాకులు పట్టిన కాపలావాళ్లున్నారు. మనకున్నదల్లా అబద్ధమాడరన్న పేరు. అది పోతే మళ్లీ ఎక్కడా దొరకదు."

ఒకసారి లుసేనా నుంచి ఒక లా ఆఫీసువాళ్లు ఆవిడను అడిగారు. నెలజీతం, కుర్చీ, నెత్తిన ఫ్యాను. ఫైళ్లు సర్దడం, తారీకులు గుర్తుచేయడం. నాలుగేళ్లు ఓపిక పడితే రాత్రి కాలేజీలో లా చదువుకోవచ్చు కూడా. ఆవిడ వెళ్లలేదు.

"ఇక్కడ నీకు ఏం మిగులుతోందే?" అని అడిగాను.

"చేపలు, అక్కా. అరటిగెలలు. జ్ఞానస్నానాలకి పిలుపులు. ఊళ్లో సగం మంది పిల్లలకి నేనే జ్ఞానతల్లిని, క్రిస్మస్ వస్తే అందరికీ కానుకలివ్వాలి, ఇంట్లోంచి బయటికి రావడానికి భయమేస్తుంది."

అంతకన్నా ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఉన్నదీ అంతేనేమో.

పొన్సో మామ దొన్ ఎలాద్యో దొర కొబ్బరితోటలో కౌలుదారు. తండ్రి నాటిన చెట్లకింద పెరిగి, అక్కడే ముసలివాడయ్యాడు. భూమి తమకు ఇప్పించమని కౌలుదారులు అర్జీ పెట్టుకున్నాక దొర తోటలో ఒక భాగానికి కంచె వేయించాడు. ఆ కంచెలోపలి చెట్ల కాయలు ఎవరో దింపుకుపోయారు. పొన్సో దింపాడని కేసు పెట్టారు. మా ప్రాంతంలో కొబ్బరికాయ దొంగతనం చిన్న నేరం కాదు. తోటలో కాయలు తీస్తే మామూలు దొంగతనంకన్నా బరువైన శిక్ష పడుతుంది. ఆ వయసులో జైలుకు వెళితే పొన్సో బతికి తిరిగిరాడని అందరికీ తెలుసు. దింపుతుండగా చూసినవాళ్లు ఎవరూ లేరు. సంఘం ఏర్పాటుచేసిన వకీలు అటర్నీ విల్యవర్ కేసు నిలబడదన్నాడు.

అప్పుడు దొర చనిపోయాడు.

దొర పోతే కౌలుదారులు ఆ ఇంటికి వెళ్లాలి. మగవాళ్లు పంది కోసి, కట్టెలు కొట్టి, బల్లలు మోయాలి. ఆడవాళ్లు కాఫీ కాచాలి. కేసు ఉందని ఎవరూ మానుకోరు, మానుకోవచ్చని ఎవరికీ తోచదు కూడా. అర్జీ మీద సంతకం పెట్టిన వాళ్లందరూ ఆ ఇంట్లోనే ఉన్నారు.

వెళ్లేముందు పొన్సో మా ముందుగదికి వచ్చాడు.

"వెళ్లొద్దంటావా అమ్మాయ్?"

"వెళ్లొద్దని నేనెలా అంటాను మామా? నోరు విప్పొద్దంటున్నా."

"పోయినోడితో తగువుంటే మట్టిలో పెట్టకముందే వెళ్లి క్షమించమనాలి. లేకపోతే వాడూ తేలిగ్గా పోడు, మనమూ తేలిగ్గా ఉండం. ఇది నీకు చెప్పాలా? మీ నాన్న పోయినప్పుడు ఎంతమంది వంగి అడగలేదు?"

"అది వేరు."

"చావుల్లో వేరేమిటే?"

సలూద్ టోపీ పెట్టుకుని ఆయనతో పాటు బయలుదేరింది. నేనూ వెనకాలే వెళ్లాను.

మధ్యాహ్నం. హాలు నిండా జనం. ఒక మూల ఆడవాళ్లు ప్రార్థన గొంతెత్తి చదువుతున్నారు. వసారాలో పేకాట. పోయినవాళ్లింట్లో పేక ఆడితే పందెం డబ్బులో కొంత ఆ ఇంటివాళ్లకు చేరుతుంది, కాబట్టి ఎంత గోల చేసినా ఎవరూ కాదనరు. పొన్సో శవపేటిక దగ్గరకు వెళ్లి, అద్దం మీదికి వంగి, ఆ ముఖానికి దగ్గరగా నోరు పెట్టి ఏదో అన్నాడు. ఆయన భుజానికి ఆనుకునేంత దగ్గరగా సలూద్ ఉంది. కాళ్లవైపు గోరియో ఉన్నాడు. గోరియో దొరగారి తోట మేస్త్రి, పొన్సో పెద్దకొడుకుకు జ్ఞానతండ్రి; ఆ వరసన ఇద్దరూ ఒకరినొకరు కుంపారే అని పిలుచుకునేవాళ్లు. పొన్సో లేచేసరికి ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. గోరియో భుజం తట్టాడు.

"పద కుంపారే, కాఫీ తాగుదువుగాని."

నేనే పోసి ఇచ్చాను, ఇద్దరికీ.

కోర్టులో గోరియో సాక్ష్యం చెప్పాడు. 'కంచెలో కాయల సంగతి మనసులో పెట్టుకోకండి దొరా, క్షమించండి' అని పొన్సో శవం ముందు ఏడ్చాడన్నాడు. ముద్దాయి క్షమించమని అడిగితే నేరం ఒప్పుకున్నట్టే లెక్కిస్తుంది మా చట్టం. ఇది సలూద్ శనివారాలు ఎప్పుడూ చెప్పలేదు. క్షమించమని అడగవద్దని మా ఊళ్లో ఎవరికి చెప్పగలరు?

ఆ వారం అటర్నీ విల్యవర్ మా వంటింట్లో కూర్చున్నాడు. లుసేనా బస్సు పట్టుకోవాలన్న తొందరలో ఉన్నాడు.

"క్షమించమన్నారు సరే. కాయల మాట ఎత్తారా, లేదా? అది చెప్పండి ముందు" అని పొన్సోను అడిగాడు.

"ఏమన్నానో నాకే గుర్తులేదు బాబూ. శవం ముందు ఏదో వస్తుంది నోట్లోంచి."

"మీరు బోనెక్కి ఇలా అంటే కథ ముగిసినట్టే. మీరొద్దు." ఆయన సలూద్ వైపు తిరిగాడు. "మీరు పక్కనే ఉన్నారు. మీరు విన్నారా?"

సలూద్ ఆయన ప్లేటులో ఇంకాస్త అన్నం వడ్డించింది.

"నన్ను బోనులో అడగండి" అంది.

"ముందు నాకు తెలియాలి గదా అమ్మా!"

"తెలిస్తే మీకు ఇబ్బంది, అటర్నీ. తినండి. బస్సు పోతుంది."

పొన్సో తన ప్లేటు చూసుకుంటూ ఉండిపోయాడు. ఏ జవాబు చెప్పమనీ ఆవిడను అడగలేదు. ఆ రాత్రి ఆవిడ ఎప్పటిలాగే నిద్రపోయింది, నేను గోడ అవతలే ఉన్నాను గదా. పొద్దున లేచి బట్టలు ఇస్త్రీ చేసుకుంది. కోర్టుకు వెళ్లేదాకా పప్పు ధర గురించి తప్ప మేము ఏమీ మాట్లాడుకోలేదు.

బోనులో ఆవిడ నిలబడిన తీరు నాకు బాగా గుర్తుంది. అన్నేళ్లు వెనక బల్ల మీద కూర్చున్న మనిషి కదా, ఎటు చూడాలో తెలియనట్టు గోడనే చూస్తోంది.

"శవపేటికకు ఎంత దూరంలో ఉన్నారు?" అని ప్రభుత్వ వకీలు అడిగాడు.

"పక్కనే ఉన్నాను."

"పక్కనే. ముద్దాయి కాయల గురించి అన్న మాట విన్నారా?"

 గుమాస్తా రాయడం ఆపి తలెత్తాడు.

"వినలేదు."

"చెవులు బాగానే పనిచేస్తాయా మీకు?"

వెనక ఎవరో నవ్వారు.

"బాగానే పనిచేస్తాయి."

"కాళ్ల దగ్గరున్న మనిషికి వినబడి, తల దగ్గరున్న మీకు వినబడలేదు!"

"పేకాటవాళ్లు గోల చేస్తున్నారు. ప్రార్థన చదువుతున్నారు. నాకు వినబడలేదు."

గోల నిజమే. నేను సాక్ష్యమిచ్చినా గోల గురించి అదే చెప్పేదాన్ని.

బయట వరండాలో గోరియో ఎదురయ్యాడు. కోపంగా లేడు. అలసిపోయినట్టు ఉన్నాడు.

"నీకు వినబడిందమ్మా సలూద్. నువ్వలా అంటావనుకోలేదు. ఇంకెవరైనా అంటే అనుకునేవాణ్ని గానీ, నువ్వు!"

సలూద్ సంచీలో కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయింది. అవి అప్పటికే సర్ది ఉన్నాయి.

వానలు మొదలయ్యాక తీర్పు వచ్చింది. ఒక్క మనిషి మాట మీద, అదీ పక్కనున్న మరో మనిషి కాదన్న మాట మీద, శిక్ష వేయలేనని జడ్జి రాశాడు. పొన్సోను వదిలేశారు. అటర్నీ విల్యవర్ సలూద్ చేయి పట్టుకుని ఊపాడు. ఆవిడ ఊపనిచ్చింది.

తరువాతి శనివారం కూడా గది నిండింది. ఆవిడ పాఠం చెప్పింది, ఎవరో జోకు వేశారు, నవ్వులు తగ్గేదాకా ఆగింది. నవ్వులు తగ్గాక ఏమనాలో మరిచిపోయినట్టు కాసేపు నిలబడి, సరే, వచ్చే వారం చూద్దాం అంది. తినడం మానలేదు, పని మానలేదు. ఏడిస్తే ఓదార్చవచ్చు. అలాంటిదేమీ లేదు. ఏమైనా అడుగుదామని ఒకటి రెండుసార్లు నోరు తెరిచాను. "చెప్పక్కా" అనేది మామూలుగా. ఏమీ లేదనేదాన్ని.

పొన్సో ఇంట్లో విందు పెట్టుకున్నారు. కొబ్బరిపాలలో ఉడికించిన కోడి, చేపలు, స్తోమత లేకపోయినా వండిన పాన్సిత్ నూడుల్స్, కొబ్బరికల్లు. పొన్సో పెద్దకొడుకు గోరియోను పిలవలేదని గొణుగుతున్నాడు.

"నా జ్ఞానతండ్రి నాన్నా. రేపు చర్చిలో ఏ మొహం పెట్టుకుని చూడను?"

"సాక్ష్యం చెప్పినప్పుడు వాడు ఏ మొహం పెట్టుకున్నాడు? తిను!" అని వాళ్లమ్మ కసిరింది.

సలూద్ రాగానే బల్లల దగ్గరున్న వాళ్లంతా లేచారు. "మన వకీలమ్మ వచ్చింది! లోపలికి, లోపలికి!"

"వకీలమ్మని కాదయ్యా" అంది ఆవిడ, ఎప్పుడూ అనేట్టే.

పొన్సో లేచి వచ్చాడు. మాలో చిన్నవాళ్లు పెద్దల చేయి అందుకుని నుదుటికి ఆనించుకుంటారు. ఆ ముసలాయన, తండ్రి వయసువాడు, అందరి ముందూ సలూద్ చేయి అందుకున్నాడు. వంగి, దాన్ని తన నుదుటికి ఆనించుకున్నాడు.  సలూద్ చేయి లాక్కోబోయింది. ఆయన వదలలేదు.

"నాకోసం నువ్వు చేసింది నాకు తెలుసు తల్లీ" అన్నాడు. "నా పిల్లలకీ తెలుసు. ఈ జన్మలో తీర్చలేం."

"నేనేం చేయలేదు మామా."

"తెలుసులే" అన్నాడాయన, చేయి నిమురుతూ.

ఎవరో చప్పట్లు కొట్టారు. కల్లు పోశారు. సలూద్ కూర్చుని కొంచెం తింది, పక్కనున్న వాళ్లు అడిగినదానికి జవాబు చెప్పింది. తరువాత తన ప్లేటూ నా ప్లేటూ తీసుకుని పెరట్లోకి వెళ్లింది. తొట్టి దగ్గర ప్లేట్లు కడుగుతున్న చప్పుడు విన్నాను. పొన్సో భార్య "అయ్యో, నువ్వెందుకమ్మా" అంటూ లేవబోతుంటే, కడగనీ, ఆవిడకి అలవాటే అని నేనే అన్నాను.

పాటలు అందుకున్నారు. ఇంకాసేపటికి పెరట్లోకి వెళ్లి చూశాను. కడిగిన ప్లేట్లు బోర్లించి ఉన్నాయి, సలూద్ లేదు. రోడ్డు మీద లుసేనా వెళ్లే జీప్నీ బండి హారను కొట్టి, ఆగి, మళ్లీ కదిలింది.