బంపర్ వెనక నా చేతిరాత

2023 ఎండాకాలం. సూర్యాపేటలో హైవే దిగి ఊళ్లోకి వచ్చే రోడ్డు పక్కన నా షెడ్డు. డెంటింగ్, పెయింటింగ్ చేస్తాను. అంటే కార్లకు పడ్డ సొట్టలు తీసి రంగు వేయడం. మా సొంతూరు త్రిపురారం. పని నేర్చుకున్నది మాత్రం మిర్యాలగూడలో, రైస్ మిల్లుల లారీలకు రంగులు వేసే ఒక మేస్త్రీ దగ్గర. లారీల నుంచి కార్లకు మారి సూర్యాపేటలో షెడ్డు పెట్టుకుని అప్పటికి పద్దెనిమిదేళ్లు.

నా దగ్గరికి వచ్చేవాటిలో బంపర్ దెబ్బలే ఎక్కువ. కారు దిగుతూనే అందరూ అడిగేది ఒకటే, రంగు వేస్తే సరిపోతుందా, కొత్తది వేయాలా అని. ఈ కాలం బంపర్లన్నీ ప్లాస్టిక్‌వే. గీత పడితే రంగుతో పోతుంది. సొట్ట పడితే వేడినీళ్లు పోసి లోపలినుంచి నెడితే చాలావరకు యథాస్థితికి వస్తుంది. పగులు వస్తే ప్లాస్టిక్ వెల్డింగ్ చేస్తాం, అంటే పగిలిన రెండు అంచులనూ కరిగించి అతికిస్తాం. చివర్లలో బంపర్‌ను బాడీకి పట్టి ఉంచే లాక్‌లు విరిగిపోతే మాత్రం అది ఎంత బాగా రంగు వేసినా నిలవదు, కొత్తది వేయాల్సిందే. చాలా ఏళ్లపాటు నేను బంపర్‌ను బయటినుంచి చూసి, రెండు మూలలూ పట్టుకుని ఊపి, నిలబడ్డచోటే జవాబు చెప్పేసేవాణ్ణి. అలా చెప్పగలగడమే పనితనం అనుకునేవాణ్ణి.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం పొద్దున సైదులు వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. వాళ్లది ఆత్మకూర్ (ఎస్), గొర్రెలు కాసే కుటుంబం. ఏడాది కిందట కోదాడలో ఒక సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కుని కిరాయికి నడుపుతున్నాడు. ముందు బంపర్ ఎడమ మూల పగిలి, కింది జాలీ వేలాడుతోంది. దేన్ని గుద్దావని అడిగితే కొంచెం సిగ్గుపడ్డాడు. తెల్లారి మంద రోడ్డు దాటుతుంటే వాళ్ల నాయన పొట్టేలే అడ్డం వచ్చిందట. పొట్టేలుకు ఏమీ కాలేదు, లేచి దులుపుకుని పోయింది. వాళ్ల నాయన కారు దిక్కు చూడకుండా పొట్టేలు కాళ్లు తడిమి చూసుకుంటూ కొడుకును తిట్టిపోశాడట.

అతనికి తొందరగా ఉంది. వాళ్ల ఊరిలో యాదమ్మ అని బట్టలు కుట్టే ఆవిడ ఉంది. ఆమెకు కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు సూర్యాపేట దవాఖానలో డయాలసిస్ చేయించుకుంటుంది. పొద్దున తెచ్చి దించితే నాలుగు గంటల తర్వాత మళ్లీ తీసుకుపోవాలి. అప్పుడే ఆమెను దించి వచ్చాడు, ఆ నాలుగు గంటల్లో పని అయిపోవాలని అతని కోరిక.

నేను మూలలు పట్టుకుని ఊపాను. గట్టిగానే ఉన్నాయి.

“కొత్తదెందుకు? రంగుతోనే అయితది. పగులు అతికించి ఇస్త, మధ్యాహ్నం కల్లా తీస్కపో” అన్నాను.

అతను ఎదురుగా ఉన్న టీ కొట్టుకు వెళ్లాడు. నేను స్క్రూలు విప్పి బంపర్ ఊడదీశాను. వెల్డింగ్ చేయాలంటే లోపలివైపు నుంచి చేయాలి కాబట్టి తిప్పి బల్ల మీద పెట్టాను. లోపల నల్లటి ప్లాస్టిక్ మీద తెల్ల పెయింట్ మార్కర్‌తో ఒక గుర్తు ఉంది. ‘కో-3’, కింద చిన్న గీత.

ఆ రాత నాదే.

కోదాడలో పాత కార్లు అమ్మే ప్రసాద్ అనే ఆయన ఏళ్ల తరబడి నాకు పని ఇస్తున్నాడు. కార్లు పంపడు, బంపర్లు ఊడదీసి ట్రాలీ ఆటోలో పంపుతాడు. ఒక్కోసారి నాలుగైదు కలిసి వస్తాయి. ఒకదానికొకటి కలిసిపోకుండా లోపల అలా నంబరు వేసుకుంటాను. అతికించి, పుట్టీ పెట్టి, రంగు వేసి, మళ్లీ అదే ఆటోలో పంపేస్తాను. అవి ఏ కార్లవో, ఆ కార్లకు ఏమైందో నేను ఎన్నడూ అడగలేదు. మా లైనులో అది మామూలు పని. ఈ బంపర్‌కు పొట్టేలు పెట్టిన పగులు పక్కనే నడిమధ్య నుంచి పైదాకా పాత అతుకు ఒకటి ఉంది. వెల్డింగ్ చూస్తే నా చెయ్యే. అంత పెద్ద పగులు చిన్న దెబ్బకు రాదు.

అప్పుడు కారు వైపు తిరిగి చూశాను. బంపర్ వెనక అడ్డంగా ఒక ఇనుప బార్ ఉండాలి. ఎదురుగా దెబ్బ తగిలితే మొదట ఓర్చుకునేది అదే. బంపర్ ముసుగు మాత్రమే, అసలు బలం ఆ బార్‌ది. ఈ కారుకు ఆ బార్ లేదు. దాని చోట పెట్టెలకు వాడే సన్నటి ఇనుప యాంగిల్ ముక్క ఒకటి వెల్డింగ్ చేసి ఉంది. పక్కన దెబ్బను పసిగట్టే సెన్సర్‌కు పోయే వైరు దేనికీ కలపకుండా టేపు చుట్టి వదిలేసి ఉంది.

లోపల కూర్చుని తాళం తిప్పాను. ఇంజన్ స్టార్ట్ చేయకముందు మీటర్ల మధ్య ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఎర్రగా వెలిగి, కొన్ని క్షణాలకు ఆరిపోవాలి. వెలిగి ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఎవరో దాన్ని కావాలని తీసేసినట్టు. మూడుసార్లు తిప్పాను. వెలగలేదు.

నిజం చెప్పాలంటే ఆ సీట్లో కొంతసేపు కూర్చుండిపోయాను. సైదులు టీ కొట్టు దగ్గర ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. పగులు అతికించి, రంగు కొట్టి బిగించేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. అతను అడిగింది కూడా అంతే. ప్రసాద్ ఇచ్చే పని పోతే నాకు నెలలో పది రోజులు ఖాళీ. ఇవన్నీ నా మనసులోకి వచ్చాయి. రాలేదంటే అబద్ధం.

అయినా సైదులును పిలిచాను. బార్ ఉండాల్సిన చోటు చూపించాను, టేపు చుట్టిన వైరు చూపించాను. తర్వాత బంపర్ తిప్పి నా నంబరు చూపించాను.

అతను ఆ రాత మీద వేలు పెట్టి చూశాడు. “అంటే దీనికి రంగేసింది నువ్వేనా అన్నా?”

“నేనే. కారు నా దగ్గరికి రాలే. బంపరే వచ్చింది. నేను అడగలే.”

అతను కోప్పడలేదు. కోప్పడితే నాకు కొంచెం తేలికయ్యేదేమో. “యాదమ్మత్తకు ఎనక కూసుంటే కడుపుల తిప్పుతది. ఏడాది సంది ముందల సీట్లనే కూసోబెట్కొని తిరుగుతున్న” అని మాత్రం అన్నాడు.

ఆ మధ్యాహ్నం నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. అతను స్కానర్ పెట్టి చూసి, డాష్‌బోర్డు మూత విప్పాడు. డ్రైవర్ పక్క సీటు వైపు ఎయిర్‌బ్యాగ్ ఉండాల్సిన గూడు ఖాళీగా ఉంది. స్టీరింగ్ మీద ఉన్నది కూడా మూతే, లోపల ఏమీ లేదు. ఆ కారు ఎప్పుడో గట్టిగా గుద్దుకుంది, బ్యాగులు పేలిపోయాయి, కొత్తవి పెట్టకుండా పైపైన సర్ది అమ్మేశారు.

యాదమ్మను దవాఖాన నుంచి నా కార్లోనే తీసుకొచ్చాను. సైదులు వెనక కూర్చున్నాడు. డయాలసిస్ అయ్యాక మనిషి పిండేసినట్టు ఉంటుంది, అయినా ఆవిడ సంగతేమిటని అడిగింది. దారిలో మొత్తం చెప్పాను, నా సంగతితో సహా. ఆత్మకూరు వచ్చింది. దిగేముందు నా వైపు తిరిగింది.

“నేను జాకెట్ కుడితే లోపలి కుట్టు గూడ ఒకసారి సూసే ఇస్త బిడ్డా. నువ్వట్ల సూడవా?”

 సైదులు ఇక ఆ కార్లో ఆమెను ఎక్కించుకోనన్నాడు. ఆమె దానికీ ఒక మాట అంది. “బాగనే ఉంది. మరి ఎల్లుండి నేనెట్ల పోవాలె? ఎండల రెండు బస్సులు మారి పోయెటట్టు ఉన్ననా?”

అక్కడే ఒప్పుకున్నాను. కారు సంగతి తేలేదాకా నేనే వచ్చి తీసుకుపోతానని. వారానికి మూడు రోజులు, దాదాపు మూడు వారాలు, పొద్దున్నే ఆత్మకూరు వెళ్లి ఆమెను తెచ్చి దవాఖానలో దించి షెడ్డు తెరిచేవాణ్ణి. మళ్లీ మధ్యాహ్నం దింపి వచ్చేవాణ్ణి. పని వెనకబడింది. ఆమె రోజూ బెల్టు తనే గట్టిగా లాగి చూసుకునేది. మూడో రోజు నుంచి నేను కూడా నడిపేటప్పుడు పెట్టుకోవడం మొదలుపెట్టాను.

మొదటి వారంలోనే సైదులు, నేను కలిసి కోదాడ వెళ్లాం. బంపర్ లేకుండానే అతను కారు నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చాడు, నేను వెనక. ప్రసాద్ మమ్మల్ని మర్యాదగానే కూర్చోబెట్టి మజ్జిగ తెప్పించాడు. విషయం విన్నాక మాత్రం మాట మారింది. తాను వేలంలో కొన్నానని, ఎలా వచ్చిందో అలాగే అమ్మానని, సైదులు అన్నీ చూసుకునే సంతకం పెట్టాడని అన్నాడు.

“మీ దగ్గర కారు ఉన్నప్పుడే బంపర్ ఊడదీసి నాకు పంపిన్రు. ఊడదీసినోళ్లకు బార్ లేదని కనపడకుండ ఉంటదా?” అన్నాను.

ఆయన ఫోన్ బల్ల మీద పెట్టి, “వెంకన్న గారూ, మీకు ఇన్నేళ్లుగా పని ఇస్తున్నది నేనండీ. అది గుర్తుంచుకుని మాట్లాడండి” అన్నాడు.

“గుర్తుంది. ఈ బంపర్ మీరే పంపిన్రని, రంగు నేనే వేసిననని కాయితం మీద రాసి సంతకం పెడ్త. దాన్ని పట్టుకుని సైదులు యాడ కంప్లైంట్ ఇచ్చుకుంటడో ఇచ్చుకుంటడు.”

అక్కడ కార్లు చూడడానికి వచ్చిన ఒక కుటుంబం వరండాలో కూర్చుని మా మాటలు వింటోంది. ప్రసాద్ గొంతు తగ్గించాడు. ఆ రోజు ఏమీ తేలలేదు. రెండుసార్లు మళ్లీ వెళ్లాం. మూడోసారి, ఆ కారు వెనక్కి తీసుకుని అదే ధరకు ఇంకో కారు ఇస్తానన్నాడు. సైదులు నా వైపు చూశాడు. నేను టూల్స్ డబ్బా తెచ్చుకునే ఉన్నాను.

కోదాడ ఎండలో ఆ యార్డులోనే ఆయన చూపించిన మొదటి కారు బంపర్ విప్పాను. వెనక రేడియేటర్‌ను పట్టే ఫ్రేము వంకర తీసి నల్లరంగు కొట్టి ఉంది. మళ్లీ బిగించాను. రెండోది విప్పబోతే ప్రసాద్ స్వయంగా, “అది వద్దులెండి” అన్నాడు. మూడోది పాత మోడల్, లీటరుకు ఒకటి రెండు కిలోమీటర్లు తక్కువే ఇస్తుంది, ఏసీ కూడా అంతంత మాత్రం. బంపర్ కుడి మూల గోడకు రాసుకుని రంగు లేచిపోయి, గీతలు పడి ఉంది. విప్పి చూస్తే బార్ ఉంది, దాని మీద కంపెనీ స్టిక్కర్ చెక్కుచెదరలేదు. సెన్సర్ తన చోటనే ఉంది. తాళం తిప్పితే ఎర్రలైటు వెలిగి ఆరింది. సూర్యాపేట తీసుకొచ్చి ఎలక్ట్రీషియన్‌తో స్కాన్ చేయించాక గానీ కాగితాలు మార్చుకోలేదు.

మర్నాడు యాదమ్మ ఆ కార్లో ముందు సీట్లో కూర్చుని దవాఖానకు వచ్చింది. ఆమెను దించి సైదులు నా షెడ్డుకు వచ్చి, ఆ గీతలు బాగా లేవు, కిరాయికి పిలిచేవాళ్లు చూస్తారు, రంగు వేయమన్నాడు.

నేను వద్దన్నాను. “ఇది కంపెనీ రంగు. దీని మీద ఇంకో చెయ్యి పడలే. రేపు నువ్వు అమ్మినా కొనెటోడు ఇది సూసి నమ్ముతడు. ఉండనీ.”

అతను నవ్వి, అలాగే ఉంచేశాడు.

ప్రసాద్ నాకు ఆ తర్వాత ఒక్క బంపర్ కూడా పంపలేదు. అది నేను ఊహించిందే. వెనక్కి ఇచ్చిన ఆ కారు ఏమైందో మాత్రం నాకు తెలియదు. ఎయిర్‌బ్యాగులు పెట్టి, బార్ వేసి అమ్ముతానని మా ముందు మాటిచ్చాడు. ఒకసారి వెళ్లి అడిగితే అమ్ముడైపోయిందన్నాడు. ఎవరికి అమ్మాడో చెప్పలేదు. సైదులు బయటపడ్డాడు గానీ ఆ సీట్లో ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారో అని హైవే మీద ఆ రంగు కారు కనబడినప్పుడల్లా అనిపిస్తుంది. అప్పుడే ఇంకా గట్టిగా పట్టుబట్టి ఉండాల్సింది. మాకు కావలసింది దొరకగానే ఊరుకున్నాం.

ఇప్పుడు నా షెడ్డుకు విడిగా బంపర్ తెస్తే తీసుకోను, కారు తెమ్మంటాను. కొందరు నవ్వి పక్క షెడ్డుకు పోతారు. రంగా, కొత్తదా అని అడిగితే మూలలు పట్టి ఊపి చెప్పడం మానేశాను. ముందు విప్పుతాను, ఓనర్‌ను పక్కన నిలబెట్టుకుని వెనక ఏముందో చూపిస్తాను, తాళం తిప్పి ఆ ఎర్రలైటు చూడమంటాను. అరగంట పని ఎక్కువవుతుంది. బంపర్ రంగుతో పోతుందా, మార్చాలా అన్నది ఆ తర్వాత చాలా చిన్న ప్రశ్న. చాలామంది మళ్లీ ఆ మాట అడగడం కూడా మరచిపోయి, ముందుకు వంగి తమ కారు లోపలిని మొదటిసారి చూసుకుంటారు.