బీపీ సరిగ్గానే ఉంది

2018లో నేను తమిళనాడులో, కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు వెళ్ళే రోడ్డు మీదున్న ఒక స్పిన్నింగ్ మిల్లులో నర్సును. ఒక గది, ఒక మంచం, మందుల బీరువా. దూదిదుమ్ముకు దగ్గేవాళ్ళు, యంత్రాల్లో వేళ్ళు నలిగినవాళ్ళు, తిండి సరిగ్గా లేక కళ్ళు తిరిగి పడే ఆడపిల్లలు నా దగ్గరికి వచ్చేవారు. వీళ్ళు కాక, ఎత్తున పనిచేయడానికి వచ్చినవాళ్ళు ఎక్కే ముందు నా గదికి రావాలి. వాళ్ళ కోసం వర్క్ పర్మిట్ అనే కాగితం నింపుతారు. ఎవరు ఎక్కుతున్నారు, ఏ జాగ్రత్తలు తీసుకున్నారు అని అందులో గడులుంటాయి. బీపీ గడి నాది.

అక్టోబరులో ఐప్పసి నెల వానలు మొదలయ్యేలోపు కప్పు మీద పగిలిన సిమెంటు రేకులు మార్చాలని కాంట్రాక్టరు ఒక మనిషిని పంపాడు. పేరు రామసామి. కళుగుమలై దగ్గర పల్లె, నలభై దాటిన వయసు. నేను ఫోనులో మా అమ్మతో తెలుగులో మాట్లాడటం విని అతని మొహం విప్పారింది.

"నువ్వు మన మాటే మాట్లాడ్తావే అక్కా! యా ఊరు?"

"విరుదునగర్ పక్కన. మాది మగ్గం ఇల్లు."

"మాకు మెట్ట చేను. వాన లేక ఈ పనికి వస్తిని."

బీపీ పట్టీ చుడుతూ అడిగాను. "బెల్ట్ ఇచ్చినారా అన్నా?"

బెల్ట్ అని మేమనేది ఫుల్ బాడీ హార్నెస్‌ను. భుజాలకూ తొడలకూ కలిపి బిగించే పట్టీలు. వాటి కొక్కేన్ని లైఫ్‌లైన్ అనే గట్టి తాడుకు తగిలిస్తేనే పడే మనిషిని ఆపుతాయి.

"స్టోరులో ఉండాదంట. వేసుకొని ఏం చేసేది? పైన తగిలించేదానికి తాడే కట్టలా."

"సూపర్‌వైజరుకు చెప్పినావా?"

"చెప్తిని. అర్ధ గంట పనికి తాడు ఏల అన్నాడు."

బీపీ సరిగ్గానే ఉంది. రాసి, సంతకం పెట్టాను. తాడు గడి నాది కాదు.

వెలుతురు కోసం సిమెంటు రేకుల మధ్య అక్కడక్కడ ఫైబర్ రేకు వేస్తారు. ఏళ్ళ తరబడి దుమ్ము పట్టాక అది కూడా పక్క రేకులాగే కనిపిస్తుంది. మనిషి బరువు మాత్రం మోయదు. పదకొండు గంటలప్పుడు రామసామి దాని మీద కాలు పెట్టాడు.

నేను వెళ్ళేసరికి యంత్రం పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు. స్పృహలోనే ఉన్నాడు.

"అక్కా, నా కాళ్ళు యాడుండాయో తెలియలా."

వెన్ను దెబ్బ తిన్న మనిషిని కదపకూడదు. తప్పనిసరైతే నలుగురు కలిసి, తల, మెడ, నడుము ఒకే వరసలో ఉండేట్టు, దుంగను దొర్లించినట్టు దొర్లించాలి. దాన్ని లాగ్ రోల్ అంటాం. ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి, మోకాళ్ళ మీద కూర్చుని, మెడ కదలకుండా అతని తలను రెండు చేతులతో పట్టుకున్నాను. ఒకమ్మాయి 108కి ఫోన్ చేసింది.

అప్పుడు సూపర్‌వైజరు వచ్చాడు. చేతిలో కొత్త బెల్ట్, ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు.

"ఆంబులెన్స్ వచ్చేలోపు ఇది తొడిగేయండి సిస్టర్," అన్నాడు తమిళంలో.

నాకు వెంటనే అర్థం కాలేదు. "పడిపోయిన మనిషికి బెల్ట్ ఎందుకు సార్?"

"ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ వస్తాడు. కొంచెం లేపితే చాలు."

వంగి రామసామి భుజం పట్టుకున్నాడు. నేను చేతులు వదలలేను. "ముట్టుకోవద్దు!" అని అరిచాను. నా గొంతు అంత లేస్తుందని నాకే తెలియదు. పని ఆపి వచ్చిన ఆడవాళ్ళు మా చుట్టూ అడ్డంగా నిలబడ్డారు. అతను భుజం వదిలాడు. బెల్ట్‌ను కవరులోంచి తీసి రామసామి నడుము పక్కన పడేసి, సెల్‌ఫోనుతో ఫోటో తీసుకున్నాడు.

బెల్ట్ ఇచ్చామనీ అతనే విప్పేశాడనీ మిల్లు రిపోర్టు రాసింది. బెల్ట్ ఇవ్వనే లేదని విచారణలో నేను చెప్పాను. అధికారి నా సంతకం చూపించాడు.

"తాడు లేదని మీకు ముందే తెలుసా?"

"తెలుసు సార్."

"మరి సంతకం ఎందుకు పెట్టారు?"

నెల తిరక్కుండా మిల్లు నన్ను పంపేసింది. సూపర్‌వైజరు అక్కడే ఉన్నాడు.

రామసామి బతికాడు. నడుము కింద చచ్చుబడిపోయింది. మరుసటి ఏడు వాళ్ళ పల్లెకు వెళ్ళాను. పడక పుండ్లకు కట్టు మార్చడం అతని భార్య జక్కమ్మకు నేర్పి, ఆ రోజు సంతకం పెట్టకుండా ఉండాల్సిందని అతనితో అన్నాను.

"పోనీ అక్కా. నువ్వు వద్దనుంటే ఇంకొకణ్ణి ఎక్కించుంటారు," అన్నాడు నన్ను ఊరడిస్తూ.

జక్కమ్మ పాత కట్టు గుడ్డలు చుట్టి చేతిలో పట్టుకుని లేచింది. "ఎక్కించనీ. నువ్వు నడుచుకుంటా ఇంటికి వచ్చుందువు."

ఆమె నా వైపు చూడలేదు.

ఇప్పుడు విరుదునగర్‌లో ఇంకో ఫ్యాక్టరీలో చేస్తున్నాను. ఎక్కేవాళ్ళను ముందు కొక్కెం ఎక్కడ తగిలిస్తారని అడుగుతాను. చెప్పలేకపోతే బీపీ చూడను. పోయిన నెల ఇద్దరిని అలా ఆపాను. మేనేజరు వాళ్ళను బయటి క్లినిక్కుకు పంపి అక్కడ సంతకం తెప్పించాడు. ఇద్దరూ ఎక్కి, పని చేసి, దిగారు.

"చూశారా సిస్టర్, ఏమైంది?" అన్నాడు.

ఏమీ కాలేదు. ఏమీ కాని రోజులన్నీ అతని తరఫున సాక్ష్యం చెబుతాయి. నా ఒక్క మాటతో ఏ కప్పు పనీ ఆగదని నాకూ తెలుసు. అయినా ఎవరి భార్యో కట్టు కడుతూ నా సంతకం గురించి ఆలోచించే పరిస్థితి మళ్ళీ నా చేతుల మీదుగా రానివ్వను. ఆ కేసు నాకు నేర్పింది అంతే.